సగం మైదానం నుంచి కొట్టించిన నేరం

ఫుట్‌బాల్ ఆట నడుస్తున్నంతసేపూ బంతి ఎవరి కాలి దగ్గరైనా ఉండవచ్చు గాని, ఆట ముగిశాక అది కమిటీ చేతిలో ఉంటుంది. ఇది ప్రపంచమంతటా ఒప్పుకున్న నియమం. (బంతిని చేత్తో ముట్టకూడదన్నది ఆటగాళ్ళకు మాత్రమే.) బొంబాయి కామాఠిపురలోని తెలుగు చాళ్ళలో, అంటే గది పక్కన గది ఉండే మా అంతస్తుల ఇళ్ళలో, ఈ నియమాన్ని పాటించినంత నిష్ఠగా మేము నల్లా దగ్గర వరసను కూడా పాటించం.

నేను చెప్పబోయేది మిల్లుల సమ్మె మొదలైన రెండో ఏటి సంగతి. మగవాళ్ళంతా ఇంటి పట్టున ఉండటంతో చాలా పనులు ఆగిపోయాయి గాని, మా చాల్ కమిటీ పని మాత్రం ఒక్క వారమూ ఆగలేదు. కోరం సమస్య అసలే లేదు. మేమంతా కాకా అని పిలిచే అధ్యక్షుడు శంకర్రావు, ఒక మిల్లు స్టోరులో మేకులు తూచి తూచి రిటైరైన మనిషి, ఇంతటి హాజరు తన జీవితంలో చూడలేదని కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. సమ్మె ఇంకొన్నాళ్ళు సాగితే కమిటీకి బంగారు భవిష్యత్తు ఉందని కూడా అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఆ చలికాలం మా చాల్ టీం ఫైనల్‌కి వెళ్ళింది. అవతల వర్లి చాళ్ళ టీం. చెరొక గోలు. రిఫరీ మాటిమాటికీ గడియారం చూసుకుంటున్న వేళ మాకొక ఫ్రీ కిక్కు దొరికింది. దొరికింది సరే, సగం గీతకి ఇవతల, మా వైపు దొరికింది. అక్కడి నుంచి అవతలి గోలుకి పోవాలంటే బస్సెక్కాలి. (ఈ వాక్యం కమిటీ నివేదికలోది, నాది కాదు.) బుద్ధున్న ఏ కోచ్ అయినా బంతిని పక్కవాడికి అందించమంటాడు. మా కోచ్ శివరాం మొన్నటిదాకా మిల్లులో సాంచె మగ్గాలు నడిపినవాడు, ఇప్పుడు పొద్దున్నే పిల్లగాళ్ళని ఉరికించడం తప్ప వేరే పని లేనివాడు. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని అరిచాడు.

"సైదులూ, పాస్ గీస్ నక్కో. సీదా గోల్‌కే మార్."

సైదులు కొట్టాడు. బంతి చాలాసేపు పైనే ఉండి, వర్లి గోలీ తల మీదుగా పోయి, అడ్డకర్రకి తగిలింది. ఆ చప్పుడు మైదానం బయట భేల్ అమ్మేవాడికి కూడా వినబడింది. ఎంత జోరుగా పోయిందో అంత జోరుగా వెనక్కి వచ్చి, అక్కడ గుమిగూడిన మావాళ్ళందరి తలలూ దాటి పడింది. ఇవతల మా గోలు దగ్గర గోలీ తప్ప నరమానవుడు లేడు. వర్లి పిల్లగాడొకడు ఆ బంతిని తీసుకుని, తొందర లేకుండా వచ్చి, మా గోలులో పెట్టేసి పోయాడు. విజిల్ పడింది. కప్పు వర్లి పోయింది.

కథ ఇక్కడ అయిపోవాలి. కాని మైదానం చుట్టూ కట్టిన తాడు బయట స్కూటర్ మీద ఒక సాబు ఉన్నాడు. గోదీలో, అదే ఓడరేవులో, ఒక షిప్పింగ్ కంపెనీకి ఆటల ఆఫీసరు. అసలు ఆట చూడమని బతిమాలి పిలిపించింది శివరామే. ఆ సాబు స్కూటర్ దిగి వచ్చి, గెలిచినవాళ్ళతో తనకి పనిలేదనీ, ఆ కాలు ఎవరిదో చెప్పమనీ అడిగాడు. సైదులు ముందుకొచ్చాడు. గోదీలో నౌకరీ, నెలజీతం, కంపెనీ టీంలో ఆట. హోలీ లోపల సమాజం పెద్దల దగ్గర మంచి నడవడి దాఖలా తెచ్చుకుని వచ్చి చేరమన్నాడు.

సైదులుది పాలమూరు వైపు ఊరు. తల్లి భూదేవి, తనూ మా చాల్ మెట్ల కింద ఉంటారు. ఇద్దరూ కట్టడం పనిలో మాలు తట్టలు మోస్తారు. వానాకాలం పని ఉండదు, పని లేని రోజు పొయ్యి రాజదు. నెలజీతం అంటే వాళ్ళకి ఏమిటో నేను విడమరచి చెప్పనక్కరలేదు. దాఖలా అంటే ఒక్క వాక్యం, కింద ఒక ముద్ర. ముద్ర శంకర్రావు కాక ట్రంకుపెట్టెలో ఉంటుంది. మామూలుగా అయితే చాయ్ చల్లారేలోపు అయిపోయే పని.

అయితే అప్పటికే కార్యదర్శి లస్మయ్య ఫిర్యాదు ఇచ్చేశాడు. ఫిర్యాదు ఓడిపోయినందుకు కాదు. ఓడిపోవడం మా టీంకి హక్కులాంటిది, దాన్ని ఎవరూ ప్రశ్నించరు. ఇంత దూరపు కిక్కు కొట్టించే ముందు శివరాం కమిటీని అడగలేదన్నది ఫిర్యాదు. కమిటీ మొత్తం తాడు పక్కనే కుర్చీలు వేసుకుని కూర్చుని ఉండగా, రెండు నిమిషాల టైము చేతిలో ఉండగా, ఒక్క మాట అడగలేదు. విచారణ మొదలైంది. విచారణలో పేరున్న మనిషికి ముద్ర వేయరాదని రూలు. సైదులు పేరు ఉంది, కొట్టింది అతనే గనక.

మా కమిటీలో మాట్లాడే పద్ధతి గురించి తెలియనివాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. బొంబాయి కట్టడానికి రాళ్ళు మోసింది మా తాతలు. అందుచేత ఎవరు నోరు తెరిచినా, ముందు తమ తాత ఏ కట్టడానికి రాళ్ళు మోశాడో చెప్పుకోవాలి. కట్టడం ఎంత పెద్దదైతే మాటకి అంత బరువు. లస్మయ్య తాత పెద్ద స్టేషన్‌కి మోశాడు, కాబట్టి లస్మయ్య ఏది అన్నా సగం తీర్మానమే. శివరాం తాత సముద్రపు గట్టుకి మోశాడు. గట్టు కట్టడమా, ఒట్టి గోడా అన్నది అంతకు ముందే ఏళ్ళ తరబడి తేలని తగువు. మా తాత మోసింది ఫోరస్ రోడ్డు మూల మీది మూత్రశాలకి. నా వంతు అందరూ చెప్పులు తొడుక్కున్నాక వస్తుంది. (ఇదంతా నేను కాగితం మీద పెట్టడానికి కారణం అదే.)

మొదటి ఆదివారం లస్మయ్య లేచాడు.

"మా తాత స్టేషన్‌కి మోసిండు. గందుకే అడుగుతున్న. మల్లయ్య పక్కకి ఖాళీగ నిలవడ్డడు. ఆనికి ఎందుకు ఇయ్యనియ్యలే?"

"మల్లయ్యకి కాలు బెణికింది అన్నా. కుంటుతున్నడు," అన్నాడు శివరాం. "ఆని దగ్గరికి బాల్ పోతే ఆడనే పోతుండె."

"మరి వెనక ఒక్కన్ని అన్న పెట్టాలె గద?"

"పెట్టాల్సింది. అది నా గల్తీ."

సభలో కలవరం పుట్టింది. తప్పు ఒప్పుకుంటే విచారణ అక్కడితో ముగిసిపోయే ప్రమాదం ఉంది. శంకర్రావు కాక చెయ్యెత్తి, ఒప్పుకోలును తొందరపడి స్వీకరించడం కమిటీ సంప్రదాయం కాదన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని అసలు ప్రశ్న వేశాడు.

"గంత దూరంకెల్లి ఎందుకు కొట్టిచ్చినవ్ శివరాం? నిజం చెప్పు."

శివరాం చెప్పాడు. "సాబ్ స్కూటర్ చాలూ చేసిండు కాకా. ఆ పోరని కాలు సూడకుంటనే పోతుండె. కప్పు మళ్ళా ఏడు కూడ వస్తది. గోదీల నౌకరీ మళ్ళా రాదు."

ఇంకెక్కడైనా అయితే ఆ మనిషికి దండ వేసేవారు. మావాళ్ళు పాత అభియోగానికి తోడు కొత్తది చేర్చారు. కప్పు కోసం కొట్టవలసిన కిక్కును నౌకరీ కోసం కొట్టించాడని. సైదులుకి ఇందులో ఎంత భాగం ఉందో తేలాలని.

సైదులు చెయ్యెత్తాడు. "నేను ఒక్క మాట చెప్త."

"మీ తాత దేనికి మోసిండు?" అన్నాడు లస్మయ్య.

"మా తాత ఊర్ల సేను దున్నిండు."

"సేను కట్టడం కాదు."

"నేను మోస్తున్న గద అన్నా. పద్దెనిమిది మాళ్ళ బిల్డింగ్. స్టేషన్ కన్నా ఎత్తు."

లస్మయ్య కొంచెం తడబడ్డాడు గాని శంకర్రావు కాక ఆదుకున్నాడు. "అది పూరా అయిందా?"

"ఇంక కాలే."

"అయినంక రా."

అంతలో సాయంత్రం సినిమా టైమైంది. మా చాల్ మొత్తానికీ టీవీ శంకర్రావు కాక ఖోలీలోనే ఉంది. ప్రతి ఆదివారం విచారణ సరిగ్గా రసపట్టులో ఉండగా దూరదర్శన్‌లో సినిమా మొదలయ్యేది. వాయిదా ప్రతిపాదనకి ఏనాడూ రెండో గొంతు కావలసి రాలేదు. నిందితుడు, ఫిర్యాది, న్యాయమూర్తి ఒకే చాప మీద కూర్చుని సినిమా చూసేవారు. మెట్ల కింది నుంచి భూదేవి మాత్రం వచ్చేది కాదు.

ఆమె ఒకరోజు పొద్దున నల్లా దగ్గర కాకను పట్టుకుంది. బిందె పక్కన పెట్టి, కొంగు నడుముకి చెక్కి, మర్యాద తప్పకుండానే అడిగింది.

"కాకా, హోలీ దగ్గరికొచ్చింది. ముద్ర ఎప్పుడు ఏస్తరు?"

"భూదేవీ, నీ కొడుకు మీద మాకేం గుస్సా లేదమ్మా. ఫైసలా అయ్యేదాక పెట్టె తెరువొద్దని రూల్ ఉన్నది."

"రూల్ ఎవలు పెట్టిన్రు?"

"నేనే పెట్టిన. గందుకే తీసేటందుకు వస్తలేదు."

"వానాకాలం మొత్తం నా పోరడు గోడకి ఒరిగి కూసుంటడు కాకా. తిండి లేక కాదు, పని లేక. ఆ కూసునుడు నేను మళ్ళ సూడలేను."

కాక మెత్తబడ్డాడు. నిజంగానే మెత్తబడ్డాడు, నేను వరసలో వెనకే ఉన్నాను, చూశాను. ఆమె బాధ కమిటీ దృష్టికి తెస్తానన్నాడు. తెచ్చాడు కూడా. బాధను నమోదు చేసుకోవాలని తీర్మానించి, నమోదు చేసుకున్నారు. చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండిపోయింది. కాని నా వంతు వచ్చేసరికి అందరూ చెప్పులు తొడుక్కుని ఉన్నారు.

విచారణ త్వరగా తేల్చడానికి కమిటీ ఆ కిక్కును మళ్ళీ కొట్టించి చూడాలనుకుంది. (త్వరగా తేల్చడానికి చేసే పనులే ఆలస్యానికి ముఖ్య కారణమని నా అనుభవం.) మైదానంలో పెళ్ళి పందిరి వేశారు. గల్లీలో చేతిబళ్ళు. చివరికి చాల్ మూడో అంతస్తు వరండా ఖాయమైంది. ఒక కొసన సండాసు, ఇంకో కొసన మెట్ల తలుపు, మధ్య దూరం కాస్త తక్కువైనా సూత్రం ఒకటేనన్నారు. మెట్ల తలుపు గోలు అన్నారు. ఆరేసిన చీరలు తీయించారు, మంచాలు లోపల పెట్టించారు, పాపడాలు ఎండబెట్టుకున్నవాళ్ళ చేత తిట్లు తిన్నారు. శివరాంని ఆనాటి లాగే, ఆనాటి గొంతుతోనే నిర్ణయం తీసుకోమన్నారు.

"సైదులూ, సీదా గోల్‌కే మార్," అన్నాడు శివరాం. గొంతులో జీవం లేదు.

సైదులు కొట్టాడు. బంతి వరండా పొడుగునా ఒక్క తలుపుకీ, ఒక్క కిటికీకీ తగలకుండా పోయి, మెట్ల తలుపు మధ్యలోంచి దూరి, కిందికి దిగిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. భూదేవి ముఖం ఆ రోజు మొదటిసారి వెలిగింది. ఇంకేం, తేలిపోయిందనుకుంది పాపం.

లస్మయ్య ఆ కిక్కును నిశితంగా పరిశీలించి తన అభిప్రాయం చెప్పాడు. ఇంత చక్కగా కొట్టగలిగినవాడు ఆ రోజు కర్రకి కొట్టాడంటే, మనసు పెట్టి కొట్టలేదన్నమాట. కేసు మరింత బలపడింది.

హోలీ వచ్చింది. గల్లీలో రంగులు చల్లుకున్నారు. శంకర్రావు కాక కూడా ఒళ్ళంతా గులాబీ రంగుతో కూర్చుని ఒక ఆదివారం అధ్యక్షత వహించాడు. హోలీ పోయింది. ఎండలు ముదిరాక తీర్పు వచ్చింది. తీర్పు చదువుతున్నప్పుడు సభంతా లేచి నిలబడింది. ఎందుకు నిలబడ్డామో ఎవరికీ తెలియదు, ముందు వరస లేచింది గనక లేచాం.

దూరపు కిక్కు కొట్టించాలన్న నిర్ణయం సరైనదే. దాన్ని తీసుకున్న మనిషి సరైనవాడు కాదు. అదే నిర్ణయం కమిటీ తీసుకుని ఉంటే బంతి కర్రకి ఓ జానెడు కిందుగా పోయేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయి. శివరాంని కోచ్ పదవి నుంచి తొలగించడమైనది. వేరే కోచ్ దొరికేదాకా ఆయనే పిల్లగాళ్ళని ఉరికించవలెను గాని, విజిల్ ఊదరాదు. సైదులు నడవడి మంచిదే. పెట్టె తెరిచారు, ముద్ర వేశారు, శంకర్రావు కాక స్వయంగా ఊది ఆరబెట్టి, ఆశీర్వదించి ఇచ్చాడు.

మర్నాడు సైదులు గోదీకి పోయాడు. శివరాం వెంట పోయాడు. మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చారు. నౌకరీ హోలీ మర్నాడే ఇంకొకరికి ఇచ్చేశారట. సాబు దాఖలా మొత్తం చదివి, ముద్ర చాలా బాగుందన్నాడట. సైదులు ఆ కాగితం తల్లి చేతిలో పెట్టి, గోడకి ఒరిగి కూర్చున్నాడు. వానాకాలం ఇంకా రానేలేదు.

కమిటీ ఈ సంగతి తెలిసి తీవ్రంగా బాధపడింది. నేను వెటకారానికి అనడం లేదు, శంకర్రావు కాక ఆ పూట చాయ్ కూడా ముట్టలేదు. మన సమాజం పిల్లగాడి నోటి దగ్గరి కూడు ఇలా పోతే చూస్తూ ఊరుకోవడమా అన్నాడు. వచ్చే ఆదివారమే అత్యవసర సమావేశం పెట్టి, నౌకరీ పోవడానికి బాధ్యులెవరో తేల్చడానికి కొత్త విచారణ సంఘం వేశారు. అధ్యక్షుడు శంకర్రావు కాక, కార్యదర్శి లస్మయ్య. నష్టం ఎంతో సరిగ్గా తెలియాలి గనక, విచారణ తేలేదాకా సైదులు ఎక్కడా ఏ పనిలోనూ చేరకూడదని షరతు పెట్టారు. తీర్మానం ఏకగ్రీవం. సంతకం కోసం సైదులును పిలిచారు. మెట్ల కింద లేడు. స్లాబు పని ఉందని తల్లీ కొడుకులు తెల్లారకముందే తట్టలు మోయడానికి పోయారు.

షరతు ఉల్లంఘన కింద రాసుకున్నారు.