ఎర్రటోపీ తమ్ముడు

పొద్దున్నే అద్దం ముందు నిలబడి మీసం కత్తిరించుకుంటూ మేస్త్రీ ఆ రోజు జరగబోయేదంతా ఊహించుకున్నాడు. మధ్యాహ్నం హోటల్ యజమాని లాండ్రీ చూడటానికి వస్తాడు. మల్లెపువ్వుల్లాంటి దుప్పట్లు చూసి మురిసిపోతాడు. లాండ్రీ మేస్త్రీని అక్కడికక్కడే మేనేజరును చేస్తాడు. మేనేజరైతే హోటల్ వెనక రెండు గదుల క్వార్టర్ వస్తుంది. వంట, పడక, కూతురి చదువు, అత్తగారి దగ్గు, అన్నీ ఒకే గదిలో కానిచ్చే సంసారానికి అదేమీ చిన్న సంగతి కాదు. భార్య అప్పుడే ఆ కిటికీలకు కర్టెన్లు కూడా కుట్టి పెట్టింది.

"ఇస్త్రీకి ఎర్రటోపీ అతనున్నాడుగా, మీకేం భయం," అంది ఆమె. "అవునూ, అతని పేరేంటండీ? ఎప్పుడూ తమ్ముడూ తమ్ముడూ అంటారు."

"పేరుతో పనేముందే? తమ్ముడూ అంటే ప్రేమగా ఉండదూ?"

ప్రేమ సంగతి తర్వాత. ఆ హోటల్లో యజమాని ఈ నేలవాడు. మేస్త్రీ, పక్కనున్న స్టోర్ కీపరు సముద్రం దాటి వచ్చినవాళ్ళు. ఇస్త్రీ చేసేవాళ్ళది ఇంకో జాతి, కొండల అవతలి దేశం. వాళ్ళలో ఎవరు ఎవరో మేస్త్రీకి ఇన్నేళ్ళైనా అంతుపట్టలేదు. "వీళ్ళను కన్నతల్లులు ఎలా పోల్చుకుంటారో!" అని నలుగురిలో జోకు కూడా వేసేవాడు. తమ్ముడూ అంటే ఎవరో ఒకరు పలుకుతారు, పని జరిగిపోతుంది. ఒక్క ఎర్రటోపీని మాత్రం బాగా గుర్తుపట్టేవాడు. నిజానికి గుర్తుపట్టింది టోపీని. దాని కింద ఒక మొహం కూడా ఉంటుందని అతనికి ఎప్పుడూ తోచలేదు.

లాండ్రీలో అడుగు పెట్టేసరికి యజమాని కోటు, చొక్కా వచ్చి ఉన్నాయి. మధ్యాహ్నం తొడుక్కుంటాడట. మేస్త్రీ కోటును పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా ఎత్తుకుని, ఆవిరిలో కనబడుతున్న ఎర్రటోపీ దగ్గరికి నడిచాడు.

"తమ్ముడూ, దీన్ని నీ చేతికి తప్ప ఇంకెవరి చేతికీ ఇవ్వను. నా బతుకంతా ఇందులోనే ఉందనుకో."

"అన్నా, నేను..."

"మాటలొద్దు. ముందు పని కానియ్."

అతను చెప్పబోయిన మాట చిన్నదే. టోపీ లేకుండా ఇస్త్రీ బల్ల దగ్గరికి రాకూడదని అక్కడి రూలు. కొత్తగా చేరినవాడి టోపీ మెషిన్లో తిరుగుతోంది. పాపం అని ఎర్రటోపీ తనది వాడి నెత్తిన పెట్టి, తను తువ్వాళ్ళు మడతపెట్టడానికి వెళ్ళాడు. అంటే యజమాని కోటు ఇప్పుడు, నిన్నటిదాకా దిండుగలీబులు తప్ప ఇంకేమీ ఇస్త్రీ చెయ్యనివాడి చేతిలో ఉంది.

మేస్త్రీ ఒక కప్పు టీ తాగి వచ్చేసరికి కమురు వాసన గుప్పుమంది. కోటు వీపు మీద ఇస్త్రీపెట్టె అచ్చు, ముక్కుతో సహా, చక్కగా దిగింది. బల్ల దగ్గర ఎవరూ లేరు. కొత్తవాడు హడలిపోయి, టోపీ సొంతదారుడికిచ్చి బాత్రూములో గడియ పెట్టుకున్నాడు. అటునుంచి ఎర్రటోపీ, ఏమైందో చూద్దామని పరుగున వచ్చాడు.

"నమ్మినందుకు నన్ను నట్టేట ముంచుతావా? ఫో బయటికి!"

"నేను కాదన్నా."

"నీ చేతికి నేనే ఇచ్చాను! నా కళ్ళతో చూశాను!"

మడత బల్ల దగ్గర ఉన్నవాళ్ళు నలుగురూ ముందుకొచ్చారు. "ఇతను మా పక్కనే ఉన్నాడన్నా."

"మీవాణ్ణి మీరు వెనకేసుకురాక ఇంకేం చేస్తారు?"

ఎర్రటోపీ మేస్త్రీ మొహంలోకి చూశాడు. కొత్తవాడి మీద చెబితే కొత్తవాడు పోతాడు. చెప్పలేదు. టోపీ తీసి మేకుకు తగిలించి, సామాను సర్దుకోవడానికి వెళ్ళిపోయాడు.

మేస్త్రీ కోపం చల్లారకముందే బాత్రూములోంచి కొత్తవాడు బయటికొచ్చాడు. "తమ్ముడూ, ఇవాళ్టినుంచి ఆ బల్ల నీదే," అని మేకు మీది టోపీ వాడి నెత్తిన పెట్టేశాడు మేస్త్రీ. "కోటు నేను సర్దుకుంటాను. ముందు ఆయన చొక్కా చూడు." వాడు నోరు తెరిచాడు. మేస్త్రీ వినలేదు. కాసేపటికి చొక్కా వీపు మీద కూడా అదే అచ్చు, అదే ముక్కు.

"పొద్దున కోటూ నేనే కాల్చానన్నా," అని కొత్తవాడు బావురుమన్నాడు.

పొద్దుటినుంచి తన కళ్ళు తనకేం చూపించాయో మేస్త్రీకి అప్పుడర్థమైంది. సిగ్గేసింది. అయితే తీరిగ్గా సిగ్గుపడటానికి కూడా వ్యవధి లేకపోయింది. మెట్ల మీద యజమాని బూట్ల చప్పుడు.

యజమాని కోటు వైపైనా చూడలేదు. మేస్త్రీని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నువ్వా! మొన్న స్టోర్‌లో దుప్పట్ల మధ్య కూర్చుని సిగరెట్ కాల్చినవాడివి నువ్వేగా? నిన్ను వెళ్ళిపొమ్మన్నానే!"

"అది స్టోర్ కీపరండీ. నేను మేస్త్రీని. ఆరేళ్ళుగా మీకు రోజూ నమస్కారం పెడుతున్నాను."

"అదే మీసం. నా కళ్ళతో చూశాను."

మేస్త్రీ గుర్తింపు కార్డు తీసి చూపించాడు. యజమాని ఫొటోనీ, మనిషినీ మార్చి మార్చి చూసి, "ఇది మీలో ఎవరిదైనా కావచ్చు," అన్నాడు.

"స్టోర్‌లో పనిచేసే మా దేశం కుర్రాళ్ళను అడగండి బాబూ, మీ కాళ్ళు పట్టుకుంటాను!"

"మీవాళ్ళు మిమ్మల్ని వెనకేసుకురాక ఇంకేం చేస్తారు? బయటివాడెవడైనా చెబితే వింటాను. లేదంటే ఈ పూటే వెళ్ళిపో."

బయటివాడు. కొత్తవాడు చేరి వారమైనా కాలేదు, పైగా ఏడుపు ఆపడం లేదు. తన చిరాకు రోజూ మొహంలోనే పసిగట్టి, అడక్కముందే పని ముగించే మనిషి ఒకడే ఉన్నాడు. ఆ ఎర్రటోపీయే చెప్పాలి. దానికి ముందు వాడి కాళ్ళ మీద పడాలి. పడటానికి మేస్త్రీ సిద్ధంగానే ఉన్నాడు. క్వార్టర్ కోసమే కాదు, ఆ "నేను కాదన్నా" అన్న మాట చెవిలోంచి పోవడం లేదు మరి. గేటు వైపు పరుగెత్తాడు.

పొద్దుటి షిఫ్టు దిగిపోతోంది. కొండల అవతలివాళ్ళు తలా ఒక సంచీతో గుంపుగా నడిచి వెళుతున్నారు. ఎర్రటోపీ కూడా వాళ్ళలోనే ఉండాలి. పని దిగేటప్పుడు టోపీలన్నీ మేకులకే వదిలి వెళ్ళాలి. ఒక్క నెత్తి మీదా టోపీ లేదు. మేస్త్రీకి ఏడుపొచ్చింది. పేరు పెట్టి పిలుద్దామంటే పేరు తెలియదు.

"తమ్ముడూ!" అని గొంతు చించుకుని అరిచాడు.

గుంపంతా వెనక్కి తిరిగింది. చూస్తే ఏ మొహమూ ఇంకో మొహంలా లేదు.