ఇలవేల్పు పటం వెనక కన్నం

ఆ ఉదయం రాడిశ పెట్టుకున్న పని ఒక్కటే. ఇంజనీరు వచ్చి, ఎక్కడా గాలి దూరడం లేదని చూసేందుకు కొత్తింటికి గాలి పరీక్ష చేస్తాడు, పాసైందని కాగితం ఇస్తాడు. అది చేతికొస్తే భార్య స్లావిత్సాతో వెంటనే కాపురం మార్చేయొచ్చు. పెళ్ళైన నాటి నుంచీ అత్తగారింట్లో, కిటికీ తెరవని వెనకగదిలో ఉడికిపోతున్నవాడికి ఇంకేం కావాలి!

అత్తగారు దేసాంకా పోలీసుకైనా భయపడదు గాని సందుల్లోంచి దూరే సందుగాలికి హడలిపోతుంది. అది తగిలితే మెడ పట్టేస్తుందని, మూతి వంకరపోతుందని ఆవిడ నమ్మకం. సరిగ్గా ఆవేళే ఐవార్ పచ్చడికని బస్తాల కొద్దీ ఎర్రమిరపకాయలతో కొత్తింట్లో దిగబడింది.

"బయటంతా గాలి, అల్లుడూ. మీ గ్యారేజీలో కాల్చుకుంటా."

"ఇవాళొద్దు అత్తయ్యా, పరీక్ష!"

"పరీక్ష ఇంటికి కదా, మిరపకాయలకేం?"

గ్యారేజీ ఇంటిలోనే కలిసి ఉంది. "దాన్ని లెక్కలోకి తీసుకోం. మధ్యగోడ గట్టిగా ఉంటే చాలు" అన్నాడు ఇంజనీరు, వీధి గుమ్మానికి పెద్ద ఫ్యాను బిగిస్తూ.

రాడిశ ఆ గోడ వైపు దొంగచూపు చూశాడు. ఆ గోడకు ఇన్సులేషన్ దట్టంగా వేయించిందీ తనే, దానికి కన్నం పెట్టిందీ తనే. గ్యారేజీలోని సారా పీపా నుంచి సోఫా దాకా దొంగచాటుగా గొట్టం లాగాడు. స్లావిత్సా పూటకో బుల్లి గ్లాసు మించి పోయదు మరి. పొద్దున్నే గొట్టం పీకేసి, కన్నం మీద ఇలవేల్పు పునీత నికోలా పటం తగిలించాడు.

దేసాంకా గ్యారేజీలో మిరపకాయలు పొయ్యి మీద పేర్చి, మెడకు శాలువా చుట్టుకుని లోపలికొచ్చి కూర్చుంది. ఫ్యాను ఇంట్లో గాలిని బయటికి లాగడం మొదలుపెట్టింది. ఆ లాగుడుకి పటం వెనక నుంచి తెల్లటి పొగ బుసబుసమంటూ వచ్చింది.

"మహిమ! మహిమ!" అంటూ దేసాంకా శిలువ గుర్తు వేసుకుని, కిటికీ తెరిచి వీధి వీధంతా వినబడేలా కేకేసింది.

"కిటికీ మూయండమ్మా!" ఇంజనీరు మొత్తుకున్నాడు.

అప్పటికే ఇరుగుపొరుగు కిటికీలోంచి లోపలికి దూకుతున్నారు. ఒకావిడ కొవ్వొత్తి వెలిగించింది. ఎవరో ఫాదర్‌ను కూడా పట్టుకొచ్చారు. ఆయన పొగను శ్రద్ధగా వాసన చూశాడు.

"ఈ మహిమకు మిరపకాయల వాసనుంది. అడుగున కాస్త ప్లమ్ సారా వాసన కూడా..." అంటూ పటం ఎత్తాడు.

గోడలోంచి కన్నం అందరినీ చూసింది. అందరూ రాడిశను చూశారు.

"పీపా ఇక నా బీరువాలో ఉంటుంది" అంది స్లావిత్సా.

ఇంజనీరు జనాన్ని బయటికి తరిమాడు. కన్నంలో గట్టిపడే నురుగు కొట్టి, పైన టేపు అంటించి, మళ్ళీ ఫ్యాను తిప్పాడు. ఈసారి పొగ పిసరంతైనా రాలేదు. "పాస్! ఇంత బిగుతైన ఇల్లు ఈ ఊళ్ళో చూడలేదు" అన్నాడు.

రాడిశకు ప్రాణం లేచొచ్చింది. ఆనందం పట్టలేక అత్తగారిని కూడా కౌగిలించుకున్నాడు.

దేసాంకా గది గదికీ తిరిగింది. మూల మూలకీ మెడ చాచి చూసింది. చివరికి ఏ ఎండాకాలంలోనూ తియ్యని శాలువా తీసి కొక్కేనికి తగిలించింది.

"ఎక్కడా సందుగాలి లేదు, అల్లుడూ! నాక్కావలసింది ఇలాంటి కొంపే. గ్యారేజీ మీది గది నాది. సామాను రేపు తెచ్చుకుంటా."

మర్నాడు తెల్లవారగానే రాడిశ పక్కింటి తలుపు తట్టి, గ్యారేజీ మీది గదిలో చిన్న పనుంది, డ్రిల్లింగ్ మిషన్ ఒక్క పూటకు ఇస్తారా అని అడిగాడు.