ఓడ వచ్చేదాకా

వాద్యబృందం వల్ల ప్రజలకూ, ప్రజల వల్ల వాద్యబృందానికీ పొంచి ఉన్న ప్రమాదాన్ని హోబార్ట్‌లోని మా విశ్వవిద్యాలయం సకాలంలో పసిగట్టింది.

మా రంగస్థలం ముందు ఒక గొయ్యి ఉంది. ఏటా సంగీత నాటకం ఆడినన్నాళ్లూ పద్నాలుగు మంది విద్యార్థులు అందులో కూర్చుని వాయిస్తారు. అందరూ నల్లబట్టలే వేసుకోవాలి, కనబడకూడదని. ఈసారి రిహార్సల్‌లో నాయిక టోపీ జారి డోలు మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తగిలి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోవడానికి భద్రతా సంఘం ఆరుసార్లు సమావేశమైంది. ముందు గొయ్యి మీద వల కట్టించారు. వలలో ఒక నర్తకి మడమ ఇరుక్కుంది. వల తీసి చెక్కలు పరిచారు. చెక్కల కింద నుంచి సంగీతం పైకి రాలేదు. మైకులు పెట్టారు. మైకులంటూ ఉన్నాక వాయించేవాళ్లు గోతిలోనే ఉండనక్కర్లేదని సంఘం అధ్యక్షురాలు డాక్టర్ మార్జరీ స్టోక్స్ కనిపెట్టారు. గురువారం నాడు పద్నాలుగు మందినీ మూడు వందల గజాల అవతల, భూగర్భశాస్త్రం వాళ్ల రాళ్ల గదికి తరలించారు.

"ఇది మీ కళకు మేము చేస్తున్న సత్కారం," అని ఆవిడ ఆ గది గుమ్మంలో నిలబడి ప్రసంగించారు. "గాలి కనబడుతుందా? గాలి లేకుండా మనం బతకగలమా? మీరు మా గాలి."

"గాలికి ముందు వరుస టికెట్ ఎవరూ కొనరే," అన్నాడు ట్రాంబోన్ వాయించే టెవిటా, బ్రైడీ చెవిలో.

బ్రైడీ టలక్‌కి నవ్వు రాలేదు. ఆ టికెట్ కొన్నది వాళ్ల నాన్న.

బ్రైడీ వాయించేది ఫ్రెంచ్ హార్న్, చుట్టలు చుట్టుకుని ఉండే ఇత్తడి బూర. రెండున్నర గంటల నాటకంలో ఆమె ఒక్కతే వాయించే చోటు ఎనిమిది ఆవర్తాలు. వాళ్ల నాన్న పేరు కెల్విన్, దీవికి తిరిగే ఫెర్రీ పడవలో కళాసీ. శనివారాలు ఫెర్రీకి రద్దీ కాబట్టి మూడేళ్లూ కూతురు వాయించగా చూడలేదు. ఇది ఆమెకి ఆఖరి ఏడు. బతిమాలి ఒక్క శనివారం సెలవు సంపాదించాడు. "మొదటి వరుసలో ఎడమపక్క కూర్చో నాన్నా, కాస్త వంగితే నా తల కనబడుతుంది," అని ఆమే చెప్పింది. రాళ్ల గది సంగతి చెబుదామని గురువారం ఫోన్ చేస్తే, ఆయన బూట్లకు పాలిష్ పెట్టుకుంటున్నానన్నాడు. ఇంక చెప్పలేకపోయింది.

రాళ్ల గదికి కూడా మంచి లక్షణాలు లేకపోలేదు. చలికి వేళ్లు బిగుసుకుపోతుంటే, ఆ గది చూసుకునే పెద్దాయన తన కెటిల్ వదిలేసి, పాలు కిటికీ బయట చల్లగా ఉన్నాయని చీటీ పెట్టి వెళ్లాడు. సంఘం నివేదికలో ఈ కెటిల్ ప్రస్తావన లేదు.

శనివారం మధ్యాహ్నం ఆట మొదలైంది. బృందాన్ని నడిపించే ఏంగస్ కూడా విద్యార్థే. రంగస్థలం అతనికి టీవీలో కనబడుతుంది. అతని చేతులు నటులకు ఇంకో టీవీలో కనబడతాయి. రెండో అంకంలో దీపస్తంభం కాపలావాడు సముద్రం వైపు చెయ్యెత్తి "ఓడ వచ్చింది" అంటాడు. అనేదాకా బృందం అవే రెండు ఆవర్తాలు తిప్పి తిప్పి వాయించాలి. అన్న మరుక్షణం బ్రైడీ ఎనిమిది ఆవర్తాలూ అందుకోవాలి. ఇది మా ఆచారం. నటుడు మాట మర్చిపోయినా, తుమ్మినా, మూర్ఛపోయినా బృందం ఆగదు.

కాపలావాడు చెయ్యెత్తాడు. నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే తెర వెనక ఎవరో రొట్టె మాడ్చారు. ఆ పొగకి థియేటర్లో ఫైర్ అలారం మోగింది.

అలారం మోగితే రంగస్థలాన్ని టీవీలో చూపే కెమెరాకి కరెంటు ఆగిపోవాలని నిబంధన. మైకుల సంగతి రాయడం మర్చిపోయారు. రాళ్ల గదికి అలారం గంట లేదు. అందుచేత థియేటర్ అంతా ఖాళీ అవుతుండగా, ఇక్కడ టీవీలో కాపలావాడు నోరు తెరిచి అలాగే నిలిచిపోయాడు.

పది నిమిషాలు గడిచాయి.

"వీడు అనడేమిట్రా?" అన్నాడు టెవిటా, ఊపిరికీ ఊపిరికీ మధ్య.

"నోరు తెరిచాడుగా, అంటాడు. వాయించండి," అన్నాడు ఏంగస్, చెయ్యి ఆపకుండా.

బ్రైడీ బూర ఎత్తి పట్టుకునే ఉంది. భుజం లాగుతోంది. మొదటి వరుసలో చెక్కల మీదికి వంగి చూస్తున్న నాన్నే ఆమె కళ్లలో మెదులుతున్నాడు.

నాన్న అక్కడ లేడు. బయట పచ్చిక మీద నాలుగు వందల మందితో నిలబడి ఉన్నాడు. తరవాత ఆయన చెప్పగా తెలిసింది. తెరిచిన తలుపుల్లోంచి అవే రెండు ఆవర్తాలు వినబడుతుంటే, టేపు ఇరుక్కుపోయినట్టుందని జనం అనుకున్నారట. డాక్టర్ స్టోక్స్ జాబితా సరిచూసి అందరూ క్షేమమని ప్రకటించారట.

"మా అమ్మాయి ఏదండీ? బూర వాయిస్తుంది," అని అడిగాడట ఆయన.

"గోతిలో ఎవరూ లేరండీ. నేనే స్వయంగా చూశాను."

"వినబడుతోంది కదమ్మా."

"వినబడినంత మాత్రాన ఉన్నట్టు కాదండీ."

ఫెర్రీలో ముప్ఫై ఏళ్లు పని చేసిన మనిషి ఒక తాడు కొస చూస్తే రెండో కొస ఎక్కడుందో చూడకుండా ఉండలేడు. పక్క తలుపు కింద నుంచి పసుపు పట్టీ వేసిన లావుపాటి తీగ బయటికి వచ్చి ఉంది. దాన్ని పట్టుకుని నడిచాడు.

రాళ్ల గది తలుపు తెరుచుకుంది. పాలిష్ పెట్టిన బూట్లతో కెల్విన్ లోపలికి వచ్చాడు.

"ఇక్కడున్నావా తల్లీ. వీళ్లు ఆగరేం?"

"ఆ అబ్బాయి 'ఓడ వచ్చింది' అనాలి నాన్నా. అనడం లేదు."

కెల్విన్ టీవీ చూశాడు. తెరిచిన నోరు చూశాడు. "ఇంతేనా? నేను రోజుకి పదహారుసార్లు అంటాను," అని రేవులో అరిచినట్టు గొంతెత్తి, "ఓడ వచ్చింది," అన్నాడు.

ఏంగస్ చెయ్యి అలవాటు కొద్దీ దిగింది. బ్రైడీ వాయించింది. నాన్న ఒక గ్రానైట్ బండ మీద కూర్చుని, ఒళ్లో టోపీ పెట్టుకుని, ఎనిమిది ఆవర్తాలూ కూతుర్నే చూస్తూ విన్నాడు. తల మాత్రమే కాదు, మొత్తం మనిషి కనబడింది.

తరవాత జనం లోపలికి వెళ్లారు, కెమెరా వెలిగింది, ఆట ఆగిన చోటు నుంచి సాగింది. కెల్విన్ మాత్రం బండ మీది నుంచి లేవలేదు. చివర్లో ఆచారం ప్రకారం నటులందరూ గొయ్యి వైపు చేతులు చాచారు. నాలుగు వందల మంది లేచి నిలబడి చెక్కలకు చప్పట్లు కొట్టారు. రాళ్ల గదిలో పద్నాలుగు మందీ లేచి టీవీకి వంగి నమస్కరించారు.

ప్రజల ఆదరణ దృష్ట్యా ఆ చెక్కలకు వార్నిష్ వేయించి, వాద్యబృందం సేవలను కొనియాడుతూ ఇత్తడి పలక బిగించాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. పలక చూడటానికి జనం బాగానే వస్తున్నారు. పక్క తలుపు దగ్గర ఆ పసుపు పట్టీ తీగ ఇంకా అలాగే ఉంది. కాలికి తగలకుండా మనమందరం జాగ్రత్తగా దాటుకునే వెళ్తున్నాం. ఇంతవరకూ ఒక్కరు కూడా తట్టుకుని పడలేదని నివేదిక.