ఎలీషబా ఎడమ మడమ

మద్రాసు రాజధానిలో పొలానికి శిస్తు ఉంది, అడవిలో మేసే మేకకు పుల్లరి ఉంది, తినే ఉప్పుకూ తాగే కల్లుకూ పన్ను ఉంది. కాని ప్రజల నడుముల మీద మాత్రం ప్రభుత్వానికి ఏ అజమాయిషీ లేదన్న ఘోరమైన సంగతి పందొమ్మిదివందల ముప్ఫై మూడో సంవత్సరంలో గాని బయటపడలేదు. ఎవరి నడుమును ఎవరు పడితే వారు పిసికేస్తున్నారు. ఏ వీపును ఎవరు ఎంతసేపు రుద్దారో రాసిపెట్టిన రిజిస్టరు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇంతటి అరాచకంలో జనం ఇన్నేళ్లూ నిటారుగా ఎలా నిలబడ్డారో తెలియక అధికారులు ముక్కున వేలేసుకున్నారు. (కొందరు నిలబడలేదు. వాళ్ల సంగతి వేరే శాఖ చూసుకుంటుంది.)

కాబట్టి మర్దన వృత్తుల పర్యవేక్షణ శాఖ పుట్టింది. దానికి మద్రాసులో ఒక మేడ, జిల్లాకొక ఇన్‌స్పెక్టరు, ఇన్‌స్పెక్టరుకొక బంట్రోతు, అందరికీ కలిపి నలభై ఒక్క నిబంధనలు. ఇతరుల శరీరాన్ని పిసుకుట, రుద్దుట, నిమురుట, చరుచుట చేసే ప్రతి మనిషీ లైసెన్సు తీసుకోవాలి. తల్లి తన బిడ్డకు నూనె రాస్తే మినహాయింపు ఇచ్చారు. ఆ బిడ్డ తనదేనని రాసిస్తే చాలు.

ఈ శాఖ కర్నూలు జిల్లాకు వచ్చి, మార్కాపురం తాలూకా దాకా పాకి, తర్లుపాడుకు రెండు మైళ్ల అవతల గడ్డమీదిపల్లెలో ఎలీషబాకు తగిలింది.

ఎలీషబా కూలికి పోయే మనిషి. నలభై రెండేళ్లుంటాయి. కలుపు తీస్తుంది, జొన్న కోస్తుంది, ఆదివారం గుళ్లో గొంతెత్తి పాడుతుంది. ఆమెలో విశేషమల్లా ఆమె పుట్టుకే. అందరూ తలతో వస్తే ఆమె కాళ్లతో వచ్చింది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే నడుం పట్టు వదులుతుందని ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. పట్టేసినవాడు వచ్చి ఆమె గడప ముందు బోర్లా పడుకోవాలి. ఆమె ఎడమ మడమతో మూడు తన్నులు తంతుంది. వాడు లేచి, మాట్లాడకుండా, వెనక్కి తిరిగి చూడకుండా పోవాలి. చూస్తే పట్టు మళ్లీ ఎక్కుతుంది. డబ్బు తీసుకుంటే మడమలో గుణం పోతుందట, అందుకని ఎవరైనా గడప పక్కన దోసెడు జొన్నలు పెట్టిపోతారు.

పలకల గనుల్లో రాళ్లెత్తే కూలీలు వచ్చేవాళ్లు, గొర్రెల కాపరులు వచ్చేవాళ్లు. పెద్ద కులాల పెద్దమనుషులు కూడా వచ్చేవాళ్లు. అయితే వాళ్లు తన్నించుకోవడానికి రారు, తప్పిపోయిన బర్రెను వెతుక్కుంటూ వస్తారు. గడ్డమీదిపల్లె క్రైస్తవపేటలో తప్పిపోయినన్ని బర్రెలు జిల్లా మొత్తంలో ఎక్కడా తప్పిపోలేదు. కరణంగారికి బర్రే లేదు, ఆయనది ఏడాదికి రెండుసార్లు తప్పిపోయేది.

ఇన్‌స్పెక్టరు గారు ఒక సోమవారం చావడిలో దిగి, ఎలీషబాను పిలిపించి, పన్నెండు పేజీల ఫారం తెరిచారు.

"ఏ చేత్తో మర్దన చేస్తావు? కుడా, ఎడమా?"

"చెయ్యి గాదు దొరా, కాలు."

"కాలితో రుద్దుతావా?"

"రుద్దేదేంది దొరా! తంతాను."

ఇన్‌స్పెక్టరు గారు ఫారం అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. పిసుకుట ఉంది, రుద్దుట ఉంది, నిమురుట ఉంది, చరుచుట ఉంది. తన్నుట లేదు. చాలాసేపు ఆలోచించి 'చరుచుట (కింది అవయవముతో)' అని రాసుకున్నారు. మనిషి చెడ్డవాడు కాదు పాపం, ఫారం దాటి ఆలోచించే అలవాటు లేదంతే.

"ఎదురుకాళ్లతో పుట్టావనడానికి సాక్ష్యం ఏమిటి?"

"మా యమ్మ జెప్పింది."

"ఆమెను పిలిపించు."

"ప్రభువు పిల్చుకున్నాడు దొరా, పదేండ్లయింది."

"మంత్రసాని?"

"ఆమెను గూడా పిల్చుకున్నాడు."

"ఆ సమయంలో అక్కడ ఇంకెవరున్నారు?"

"నేనుంటి గద దొరా!"

ఇన్‌స్పెక్టరు గారు ఈ సాక్ష్యాన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేదు. ప్రత్యక్ష సాక్షి, సంఘటనా స్థలంలోనే ఉంది, మొదటినుంచీ చివరిదాకా చూసింది. కాని ఆనాటికి ఆమె మైనరు. మైనరు సాక్ష్యం చెల్లదు. పాదిరిగారి బాప్తిస్మం పుస్తకం తెప్పించారు. అందులో తేదీ ఉంది, పేరుంది, తండ్రి మోషే అని ఉంది; ఏ కొస ముందు వచ్చిందో లేదు. పాదిరిగారి అశ్రద్ధ మీద ఒక పేరా రాసి పైకి పంపారు.

ఇక ప్రత్యక్ష పరీక్ష. నిజంగా నడుం పట్టేసినట్టు మార్కాపురం ఆసుపత్రిలో డాక్టరు సంతకం చేసిన మనిషిని తెచ్చి, వాడిమీద విద్య చూపించాలి. గొర్రెల కాపరి పోలయ్యకు అప్పటికే మూడు రోజులుగా నడుం పట్టేసి ఉంది. "అక్క కోసరం పోతా, ఏమైతదిలే" అని మూలుగుతూ ఎద్దుల బండెక్కాడు. డాక్టరు చూశాడు, నొక్కాడు, పోలయ్య కెవ్వుమనగానే సర్టిఫికెట్టు ఇచ్చాడు. తిరిగి వస్తుంటే బండి చక్రం గుంతలో పడి ఎగిరి లేచింది. ఆ కుదుపుకు పోలయ్య నడుం పట్టు కాస్తా వదిలిపోయింది. నెల రోజులు చెల్లే సర్టిఫికెట్టు పట్టుకుని పోలయ్య చావడికి గంతులేస్తూ వచ్చాడు. ప్రభుత్వ పత్రంలో ఉన్న నొప్పిని దారిలో పోగొట్టుకున్నందుకు వాడికి మెమో ఇచ్చారు. బండి మీద, లైసెన్సు లేకుండా వైద్యం చేసినందుకు, వేరే ఫైలు తెరిచారు.

"విచారణ తేలేదాకా పనిముట్టును సీలు చెయ్యాలి. ముప్ఫయ్యో నిబంధన" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"ఏం పనిముట్టు దొరా?"

ఇన్‌స్పెక్టరు గారు కలంతో కిందికి చూపించారు. బంట్రోతు వచ్చి, ఎలీషబా ఎడమ మడమ చుట్టూ ఎర్ర నాడా చుట్టి, ముడి మీద లక్క పోసి, రాజుగారి కిరీటం ఉన్న ముద్ర కొట్టాడు. ముద్ర చెడితే ఆరు నెలల జైలు. వేళ్లు మాత్రం ఆమె స్వేచ్ఛగా వాడుకోవచ్చునని ఇన్‌స్పెక్టరు గారు దయతో చెప్పారు.

ఎలీషబా మునివేళ్ల మీద కుంటుకుంటూ ఇంటికి వచ్చి, గడపలో కూలబడి ఏడ్చింది. చేలల్లో కలుపు ముదురుతోంది. బురదలో దిగితే ముద్ర చెడుతుంది, దిగకపోతే కూలి లేదు. ఇంట్లో ముగ్గురు పిల్లలు. గడప దగ్గర జొన్నలు కూడా ఆగిపోయాయి.

"ఏడవమాకే" అన్నాడు మొగుడు కృపావరం, ఏం చెప్పాలో తోచక. "రాజుగారి బొమ్మ కరణం ఇంట్ల గోడకుండాది. నీకు కాలికుండాది. ఎవురు గొప్ప?"

"దాన్నే ఉడకబెట్టి పిల్లోళ్లకు పెట్టు" అంది ఎలీషబా.

మూడు వారాలు గడిచాయి. గనుల నుంచి నడుములు పట్టేసినవాళ్లు వచ్చి, లక్క ముద్ర చూసి, నిట్టూర్చి, వచ్చినట్టే వంగి వెళ్లిపోయారు. క్రైస్తవపేటలో బర్రెలు తప్పిపోవడం ఒక్కసారిగా ఆగిపోయిందని కరణంగారు తన నెలవారీ నివేదికలో రాశారు.

ప్రతి సోమవారం ముద్ర తనిఖీ. ఎలీషబా చావడి అరుగు ముందు నిలబడి మడమ ఎత్తాలి, ఇన్‌స్పెక్టరు గారు వంగి భూతద్దంతో ముద్ర నంబరు చూసి రాసుకోవాలి. నాలుగో సోమవారం ఆయన వంగారు. నంబరు చదివారు. కలుక్కుమంది. ఆయన అక్కడే ఉండిపోయారు.

దూరం నుంచి చూసినవాళ్లకు ప్రభుత్వం వారు ఎలీషబా కాళ్లకు దండం పెడుతున్నట్టే కనిపించింది. పోతున్నవాళ్లు ఆగారు. పెళ్లాం వెంట వచ్చిన కృపావరం సిగ్గుతో చచ్చిపోయి, "లెయ్యండి దొరా, అట్ల జెయ్యమాకండి, మా మనసు ఒప్పదు" అన్నాడు.

"లేవలేనురా!" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు నేలను చూస్తూ. "అమ్మా! చచ్చానే! తన్నమ్మా తల్లీ, తన్ను!"

ఎలీషబాకు తన్నాలనే ఉంది. ఈ తన్ను కోసం ఆమె నాలుగు వారాలుగా ఎదురుచూస్తోంది. కాని మడమకు ముద్ర ఉంది. ముద్ర తీయాలంటే అర్జీ కావాలి, దాన్ని ఇన్‌స్పెక్టరు గారు పరిశీలించాలి. గుంపులో ఉన్న పోలయ్యను వంగమని, వాడి వీపు మీద కాగితం పెట్టి, ఇన్‌స్పెక్టరు గారు ఎలీషబా తరఫున తనకే అర్జీ రాసుకుని, పరిశీలించి, తీవ్రంగా ఆలోచించి, మంజూరు చేశారు. అప్పుడు కరణంగారు దగ్గి, ఉద్యోగంలో ఉన్న ప్రభుత్వ నౌకరును తంతే శిక్షాస్మృతి ప్రకారం నేరమని గుర్తు చేశారు. ఇన్‌స్పెక్టరు గారు పోలయ్య వీపు మీదే ఐదు నిమిషాల సెలవు పెట్టారు. సెలవు మంజూరు చేయాల్సిన అధికారి మద్రాసులో ఉన్నాడు. అయితే నొప్పి భరించరానిదైతే ఆ అధికారం తనకే వస్తుందని ఇన్‌స్పెక్టరు గారు అప్పటికప్పుడు కనిపెట్టారు.

"తన్నినంక కేసు పెడితేనో? పిల్లోళ్లుండారు దొరా" అంది ఎలీషబా. "నా లైసెన్సు సంగతేంది?"

"ఇప్పిస్తాను! ఈ నడుం మీద ఒట్టు! కరణంగారూ, మీరే సాక్షి!"

నాడా కోశారు. ఇన్‌స్పెక్టరు గారిని పట్టుకుని బోర్లా పడుకోబెట్టారు. ఎలీషబా కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుంది, మూడు తన్నులు తన్నింది. మొదటిది వైద్యం. రెండోదీ మూడోదీ కూడా వైద్యమేనని తర్వాత పోలయ్య విచారణలో చెప్పాడు.

ఇన్‌స్పెక్టరు గారు లేచి కర్రలా నిలబడ్డారు. మాట్లాడలేదు, వెనక్కి తిరిగి చూడలేదు, నేరుగా నడిచి బండెక్కారు. ఎలీషబాకు ఆ రోజు ఎంత సంతోషమో చెప్పలేం. ఉన్న నాలుగు గింజలూ దంచి పిల్లలకు సంగటి కెలికింది.

ఇన్‌స్పెక్టరు గారు మాట తప్పలేదు. మద్రాసుకు ఇరవై పేజీల సిఫారసు రాశారు. ఆ మడమ రాజధానిలోనే సాటిలేనిదని, దానివల్ల ప్రభుత్వ పనిదినాలు ఎన్నో మిగులుతాయని, దాన్ని ఎలాగైనా కాపాడుకోవాలని రాశారు. మద్రాసులో అది చదివి అందరూ కదిలిపోయారు. ఇంత విలువైన మడమను చదువురాని కూలిమనిషి చేతిలో వదిలెయ్యడం క్షేమం కాదని ఏకగ్రీవంగా తీర్మానించారు. సంతకం చేయగలిగి, పెంకుటిల్లు ఉన్న తగిన వ్యక్తిని సూచించమని కరణంగారికి తాఖీదు పంపారు. కరణంగారు పగలంతా ఆలోచించి, చివరికి పక్షపాతం లేకుండా తన బామ్మర్ది పేరు రాశారు. (బామ్మర్ది తలతోనే పుట్టాడు. ఆ తర్వాత దాన్ని వాడిన దాఖలాలు లేవు.)

లైసెన్సు వచ్చిన రోజు ఎలీషబా ఉతికిన చీర కట్టుకుని, కృపావరాన్ని వెంటబెట్టుకుని చావడికి వచ్చింది. కరణంగారు కళ్లజోడు పెట్టుకుని చదివారు. "లైసెన్సుదారు, మా బామ్మర్ది. పనిముట్లు: మడమ, ఎడమది, ఒకటి. వయసు నలభై రెండేళ్లు. స్థితి బాగున్నది. భద్రపరచు స్థలం, క్రైస్తవపేట. లైసెన్సుదారు అనుమతి లేకుండా పనిముట్టును బురదలో దించరాదు."

"నా పేరేడుంది సామీ?" అంది ఎలీషబా.

కరణంగారు కాగితం వెనక్కి తిప్పి కూడా చూశారు. "పనిముట్టుకు పేరు రాసే గడి లేదే."

ఎలీషబా తన కాలి వైపు చూసుకుంది. "మడమ మీ బామ్మర్దిదైతే, తక్కినదంతా ఎవురిది సామీ?"

కరణంగారు లైసెన్సుకు జతచేసిన ఫారం పన్నెండు పేజీలూ మొదటినుంచీ వెతికారు. తక్కిన ఎలీషబా ఇంకా ప్రభుత్వం వారి దృష్టికి రాలేదు.