సామాన్యుల చేతికి వెడ్జ్ వచ్చిన విధము

ఒక దేశం ఎంత నాగరికమైనదో తెలుసుకోవాలంటే అక్కడి గొప్పవాళ్ళ చేతుల్లో ఏముందో చూడనక్కరలేదు. అదే వస్తువు సామాన్యుడి చేతికి రావడానికి ఎన్ని గడపలు దాటాలో చూస్తే చాలు. ఆ లెక్కన జపాన్ నాగరికతకు సాటి లేదు.

హ్యోగో కొండల్లో ఒక కొలిమి ఉంది. ఇసుక గుంటలో పడ్డ గోల్ఫ్ బంతిని పైకి తీసే కర్రను వెడ్జ్ అంటారు. ఆ కొలిమివాళ్ళు మెత్తటి ఇనుముతో, పైన ఏ పూతా లేకుండా చేసే వెడ్జ్‌ని దేశంలోని పేరున్న ఆటగాళ్ళు ఏళ్ళుగా వాడుతున్నారు. పూత లేదు కాబట్టి తుప్పు పడుతుంది. (తుప్పు పట్టడం దాని లోపం కాదు, సొగసు. ఇది కొలిమివాళ్ళ మాట.) బయట దుకాణాల్లో అది దొరికేది కాదు. ఆదివారం మధ్యాహ్నం టీవీలో, ఎవరో ఆటగాడి భుజం పక్కన, ఒక్క క్షణం కనిపించి మాయమయ్యేది. అటువంటిది ఈ శీతాకాలం కొలిమి యాజమాన్యం ఒక ప్రకటన చేసింది. ఇకమీదట ఈ వెడ్జ్ సామాన్యులకు కూడా లభిస్తుంది.

సామాన్యుల కోసం పెట్టిన దాన్ని సామాన్యులు కానివాళ్ళు ఎగరేసుకుపోతే ఎలా అన్న ప్రశ్న వెంటనే వచ్చింది. కొద్దిలో పెద్ద ఆటగాళ్ళ టూర్ పోటీలకు అందకుండా పోయినవాళ్ళు, పాఠాలు చెప్పుకునేవాళ్ళు, కొని ఎక్కువకు అమ్ముకునేవాళ్ళు దేశంలో తక్కువేం లేరు. అందుకని సామాన్యత నిర్ధారణ సంఘం అనే సంస్థ వెలిసింది. కొనదలచినవాడు తాను సామాన్యుడేనని సంఘం ముందు నిరూపించుకోవాలి. ఇంట్లోవాళ్ళు ఒకరు, ఉద్యోగంలో పైఅధికారి ఒకరు సాక్ష్యం చెప్పాలి. చివర్న ఇసుకలో పరీక్ష.

కకోగావాలో ఉండే చిజురుకి ఈ సంగతి రాత్రి భోజనం దగ్గర తెలిసింది. ఆమె భర్త కురబయాషి స్నానాల తొట్లకు మూతలు తయారుచేసే కంపెనీలో, రెండో అమ్మకాల విభాగానికి అధికారి. కాల్చిన సాబా చేపను పక్కకు జరిపి మరీ చెప్పాడంటే చిన్న విషయం కాదని ఆమెకు అర్థమైంది.

"అది చేతికొస్తే చాలు చిజురూ. ఏప్రిల్లో శాఖాధిపతి పదవి నాదే."

"కర్రతోనా? మూతలమ్మి కాదా?"

"మూతలు అందరూ అమ్ముతారు."

ఆయన చెప్పినదాంట్లో తర్కం లేకపోలేదు. కంపెనీ డైరెక్టరు మినెగిషి గారికి గోల్ఫంటే ప్రాణం, మనుషుల్ని ఇసుక గుంటలో తూస్తారు. "ఇసుకలోంచి తను బయటపడలేనివాడు డిపార్టుమెంటును ఏం బయటపడేస్తాడు?" అన్నది ఆయన సిద్ధాంతం. (మూతల అమ్మకాలు పడిపోవడానికి కారణం ఇంకా తెలియలేదు.) క్రిందటి శరదృతువులో కంపెనీ పోటీ జరిగినప్పుడు కురబయాషి ఒక గుంటలో దిగాడు. ఆయన పైకి వచ్చేలోగా డైరెక్టరు గారు ఒడ్డున ఒక సిగరెట్టు ముట్టించి, తీరిగ్గా తాగి, ఆర్పి, జేబు బూడిద డబ్బా మూత పెట్టి, వాతావరణం గురించి సుదోతో మాట్లాడారు. సుదో మొదటి అమ్మకాల విభాగం అధికారి. అదే పదవికి రెండో ఆశావహుడు. అదే గుంటలోంచి సుదో ఒక్క దెబ్బకు బయటపడి, టోపీ తీసి, "ఏదో గుడ్డిదెబ్బ అండీ" అన్నాడు. డైరెక్టరు గారికి దెబ్బకంటే ఆ మాట ఎక్కువ నచ్చింది.

ఈ ఏప్రిల్లో పదవి రాకపోతే కురబయాషి వయసువాళ్ళకు కంపెనీలో ఒకటే దారి. సముద్రం ఒడ్డున తొత్తోరిలో ఉన్న గిడ్డంగి. అక్కడ అమ్ముడుపోని మూతలు ఉంటాయి, వాటిని చూసుకోవడానికి అమ్ముడుపోని మనుషులు ఉంటారు. అమ్మ ఇక్కడ, తోట ఇక్కడ, పళ్ళ డాక్టరు ఇక్కడ ఉన్న చిజురు, చేప పళ్ళెం మళ్ళీ ఆయన ముందుకు జరిపి, "సరే, నన్నేం చెప్పమంటారు?" అంది.

సంఘం నుంచి ఇనుయి అనే ఆవిడ వచ్చింది. బూడిద రంగు కోటు, తన చెప్పులు తనే తెచ్చుకుంది. (ఆతిథ్యం స్వీకరిస్తే నిర్ధారణ పక్షపాతం అవుతుంది. టీ మాత్రం వేడినీళ్ళ కింద లెక్క.) కురబయాషిని పక్క గదిలో కూర్చోమని, జారుడు తలుపు మూయించి, చిజురు ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

"అమ్మా, మీవారిలో అసాధారణమైనది ఏదైనా గమనించారా? దాచకుండా చెప్పాలి."

చిజురు నిజాయితీగా ఆలోచించింది. కెటిల్ మరిగి ఆగిపోయింది. పక్కింటివాళ్ళ కుక్క అరిచి ఊరుకుంది. తలుపు అవతల ఊపిరి బిగపట్టిన చప్పుడు వినబడుతోంది.

"చేపముల్లు చాలా శుభ్రంగా తీస్తారండీ," అంది చివరికి. "అస్థిపంజరం మ్యూజియంలో పెట్టొచ్చు."

"ఈ జిల్లాలో అది చాలామందికి వచ్చమ్మా. ఇంకేమైనా?"

"...లేదండీ."

"ఇంత స్పష్టమైన సాక్ష్యం ఈ మధ్య వినలేదు," అని ఇనుయి గారు నిజంగానే మెచ్చుకుంది.

ఆవిడ వెళ్ళాక తలుపు జరిగింది.

"అంతసేపు ఆలోచించి చేపముల్లా?"

"అబద్ధం ఆడమంటారా?"

"పెళ్ళై ఇన్నేళ్ళయింది. ఒకటో రెండో లేవూ?"

"ఉంటే మీకు కర్ర రాదు కదండీ."

ఆ సాయంత్రం ఆయన చేప తినలేదు.

ఇసుక పరీక్ష ఊరి చివర, ఎత్తైన ఆకుపచ్చ వలలు కట్టిన ప్రాక్టీసు మైదానంలో, ఒక ఆదివారం ఉదయం జరిగింది. పైఅధికారి స్వయంగా రావాలన్న నిబంధన కురబయాషికి వరంలా తోచింది. డైరెక్టరు గారిని సెలవురోజు పిలిచే యోగ్యత సుదోకి కూడా లేదు. మినెగిషి గారు సంతోషంగా వచ్చారు. ఇనుయి గారు అడగకముందే సాక్ష్యం మొదలుపెట్టారు.

"మావాడు పరమ సామాన్యుడండీ. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. ఒక్కనాడూ నన్ను ఆశ్చర్యపరచలేదు."

కురబయాషి వంగి నమస్కరించాడు. దీన్ని పొగడ్తగా తీసుకోవాల్సిన రోజు జీవితంలో ఇదొక్కటే.

ఇనుయి గారు పావ్లోనియా చెక్కతో చేసిన పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి మూత తీసింది. లోపల, తెల్లటి గుడ్డ మీద, నల్లగా, ఏ హంగూ లేకుండా, అది ఉంది. కురబయాషి దాన్ని చూసిన చూపు, వెంట వచ్చిన చిజురుకి ఎక్కడో చూసినట్టే అనిపించింది. తనని కాదు. వాళ్ళ మొదటి కారుని.

నిబంధన సరళమైనది. తన పాత కర్రతో ఇసుకలోంచి బంతులు కొట్టాలి. బయటపడ్డ వాటికంటే బయటపడనివి ఎక్కువ ఉండాలి. కురబయాషి కొట్టాడు. ఇసుక లేచింది, బంతి లేవలేదు. మళ్ళీ కొట్టాడు. బంతి ఒడ్డుదాకా పోయి, మనసు మార్చుకుని, జారి ఆయన కాళ్ళ దగ్గరికే వచ్చింది. డైరెక్టరు గారు మెషిన్లో డబ్బా కాఫీ కొనుక్కోవడానికి వెళ్ళి వచ్చారు. ఈలోగా ఆయన చూడలేకపోయిందేమీ లేదు. ఇనుయి గారి ముఖంలో తృప్తి కనబడింది. ఇక ఒక్క బంతి మిగిలింది.

ఆ ఒక్కటి ఎలా జరిగిందో ఎవరికీ తెలియదు. కర్ర దిగిన చప్పుడే వేరేగా వినిపించింది, మెత్తగా, టోఫూని కత్తితో కోసినట్టు. బంతి ఇసుకలోంచి నిటారుగా లేచి, పైన ఒకసారి ఆలోచించి, గురిగా పాతిన జెండా దాటి పడి, వెనక్కి తిరిగి నడిచి వచ్చి, జెండా కర్రను ఆనుకుని ఆగింది. వలల కింద పక్కన ఆడుతున్నవాళ్ళు కూడా ఆగిపోయారు. చిజురు చేతిసంచీ జారి ఒళ్ళో పడింది. ఇన్నేళ్ళలో ఈ మనిషి ఇంత అందంగా ఒక పని చేయడం ఆమె చూడలేదు. సాక్ష్యం చెప్పేముందు చూసి ఉంటే కొంచెం ఆలోచించేది.

"ఓహో!" అన్నారు డైరెక్టరు గారు.

కురబయాషి వెంటనే టోపీ తీశాడు. ఇరవై ఏళ్ళ ఉద్యోగం నేర్పిన తీరులో వంగి, "ఏదో గుడ్డిదెబ్బ అండీ," అన్నాడు.

డైరెక్టరు గారు చిరునవ్వుతో తల ఊపారు. కాఫీ డబ్బా కిందపెట్టి చప్పట్లు కూడా కొట్టబోయారు. చిజురు కళ్ళముందు ఏప్రిల్ వచ్చేసింది, చెర్రీ పూలతో సహా.

ఇనుయి గారి కలం ఆగిపోయింది.

"అయ్యా, ఇప్పుడేమన్నారు?"

"గుడ్డిదెబ్బ అని..."

"ఇబ్బంది వచ్చి పడిందండీ." ఆవిడ గొంతులో నిజమైన విచారం ఉంది. "మంచి దెబ్బ కొట్టి గుడ్డిదెబ్బ అనేవాళ్ళు నిపుణులు. మా సంఘం దేశమంతటా మైదానాల్లో కూర్చుని పరిశీలించింది. సామాన్యుడు బంతి బాగా పోతే తన సత్తా అంటాడు. పోకపోతే గాలి అంటాడు, గడ్డి అంటాడు, ఎవరో దగ్గారంటాడు. దీనికి మినహాయింపు ఇంతవరకూ దొరకలేదు." (ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడంటే మనం నవ్వుతాం. సంఘం దాన్ని గుర్తింపు చిహ్నంగా నమోదు చేసుకుంది.)

"మర్యాద కోసం అన్నానండీ."

"నిపుణులూ అలాగే అంటారు. గుడ్డిదెబ్బ అనే మాటే ఉంచమంటే, మిమ్మల్ని దాగి ఉన్న నిపుణుల్లో చేర్చాలి. అప్పుడిక ఈ పెట్టె మీది కాదు. ఆలోచించుకోండి."

ఆలోచించడానికి ఏముందని ఎవరైనా అనుకోవచ్చు. అలా అనుకునేవాళ్ళు మినెగిషి గారి కంపెనీలో పనిచేసి ఉండరు. అక్కడ పూర్వం ఒక కుర్రాడు మంచి దెబ్బ కొట్టి, "బాగా కొట్టాను కదండీ?" అన్నాడు. ఆ కుర్రాడు ఇప్పుడు తొత్తోరిలో ఉన్నాడు. కుర్రాడు కూడా కాదు.

కురబయాషి చిజురు వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, చిన్నగా. వద్దు, ఇంటికి పోదాం, టోఫూ వండుతాను. ఆయనకు అర్థమైంది కూడా. తర్వాత ఆయన చూపు పెట్టె మీదికి పోయింది, అక్కణ్ణుంచి జెండాను ఆనుకుని ఇంకా అక్కడే ఉన్న బంతి మీదికి.

"...నా సత్తా అండీ," అన్నాడు.

"వినబడలేదు."

"ఇది నా అసలు సత్తా!"

వలలు అదిరాయి. ఆ మాట ఆయన నోట్లో ఎన్నేళ్ళుగా నానుతోందో ఆ అరుపు విన్నాకగాని చిజురుకి తెలియలేదు. ఆయన ముఖం ఎర్రబడింది, కానీ సిగ్గుతో కాదు.

"మరి మిగతా బంతులు?" అంది ఇనుయి గారు, ఇంచుమించు ఆప్యాయంగా.

"గాలి."

డైరెక్టరు గారు జెండా వైపు చూశారు. జెండా ఉతికి ఆరేసిన తువ్వాలులా కిందికి వేలాడుతోంది. కాఫీ డబ్బా చివరిదాకా తాగి, చెత్తబుట్టలో వేసి, "నేనిక బయల్దేరతాను కురబయాషీ. నీలో ఇంత ఉందని తెలియదు," అన్నారు. చప్పట్లు కొట్టలేదు.

ధ్రువపత్రం అక్కడికక్కడే ఇచ్చారు. ఫలానా కురబయాషి మసఫుమిని కుటుంబం, ఉద్యోగం, ఇసుక అనే మూడు కోణాల నుంచి పరిశీలించగా ఏ కోణంలోనూ అసాధారణత కానరాలేదని అందులో ఉంది. పోగొట్టుకోకుండా పెట్టె మూత లోపల అతికించి ఇచ్చారు. (ఊడదీస్తే చెల్లదు.)

"ఏకగ్రీవంగా నెగ్గినవారు మీరే మొదలు," అని ఇనుయి గారు అభినందించింది.

ఇంటికి వెళ్ళేదారిలో కారులో పెట్టె చిజురు ఒళ్ళో ఉంది.

"ఏమన్నా అను," అన్నాడాయన.

"బంతి చాలా బాగా వెళ్ళిందండీ."

"కదూ!"

ఆమె ఇంకేం అనలేదు. అనాల్సినది ఏప్రిల్లో కంపెనీ అన్నది. సుదో శాఖాధిపతి అయ్యాడు. అందరూ అభినందిస్తే ఏదో గుడ్డిదెబ్బ అండీ అన్నాడు. డైరెక్టరు గారు కురబయాషిని గదిలోకి పిలిచి, భుజం తట్టి, "నీలాంటి సత్తా ఉన్నవాడు ఇక్కడ ఇరుగ్గా ఉండకూడదయ్యా. తొత్తోరి వెళ్ళు. అక్కడ ఇసుక బోలెడు," అన్నారు. అమ్మను తమ్ముడికి, తోటను పక్కింటికి అప్పగించి చిజురు కూడా వెళ్ళింది. పళ్ళ డాక్టర్ని ఎవరికీ అప్పగించలేకపోయింది.

సముద్రపు గాలికి వెడ్జ్ నెలలోనే తుప్పుపట్టింది, అంటే మరింత సొగసెక్కింది. చిజురు వంటింటి కత్తికి రాసే కామెల్లియా నూనెతో దాన్ని కూడా తుడిచేది. ఒక ఆదివారం ఆయన పెట్టెను చంటిబిడ్డలా ఎత్తుకుని, "ఒక్కసారి కొట్టి చూస్తాను," అని ఇసుక దిబ్బల వైపు నడిచాడు. ఆమె అన్నం ఉండలు గుడ్డలో కట్టుకుని వెంట వెళ్ళింది.

కంటికి ఆనినంత మేర ఇసుకే. మధ్యలో ఒక బోర్డు: ఇక్కడ గోల్ఫ్ బంతులు కొట్టరాదు. బోర్డు పక్కన ఒక ముసలి కాపలాదారు. అతను పెట్టె చూసి, కురబయాషి మూత తెరవగానే లోపల తుప్పుపట్టిన వెడ్జ్ చూసి, గబగబా టోపీ తీశాడు.

"అయ్యో, తమరా! ఆ బోర్డు తమబోటి వాళ్ళకి కాదండీ. టీవీవాళ్ళు మీలాంటివాళ్ళని తీసుకొచ్చినప్పుడు ఆఫీసువాళ్ళు అనుమతి ఇస్తూనే ఉంటారు. ఈ కర్ర మామూలువాళ్ళకి దొరకదని నాకు తెలుసు. ఆదివారం నేనూ చూస్తానుగా! ఒక్క బంతి కొట్టండి, మా మనవడికి చెప్పుకుంటాను."

కురబయాషి నిలువునా పెరిగినట్టు చిజురుకి అనిపించింది. ఆమె చేయి చాచి మూత వేసేయబోయింది. ఆలస్యమైంది. చదువుకున్న మనిషి కావడం వల్ల కాపలాదారు కళ్ళజోడు పెట్టుకుని, మూత లోపల అతికించి ఉన్నదంతా సంతకాలదాకా చదివాడు. తర్వాత టోపీ తిరిగి పెట్టుకున్నాడు.

"క్షమించాలి," అన్నాడు. "దూరం నుంచి చూసి ఎవరో అనుకున్నాను."