పువ్వు పేరిట ట్యాంకరు

ఎనభైల మొదట్లో ఒక ఏడు, అనంతపురం జిల్లా యాడికి ఊరి పక్కనున్న పల్లెలో కరువు ఉందో లేదో తేల్చడానికి ఒక పెద్ద అధికారి జీపులో వేంచేశారు. ఎండిన బావులు, ఖాళీ పశువుల కొట్టాలు చూపిస్తే ఓపిగ్గా తలాడించారు. అవి జిల్లా అంతటా ఆయన చూసినవే. చివరికి హనుమంతమ్మ అనే రైతు చేనిగట్టు మీది చింతచెట్టు కింద సేదదీరుతూ తల పైకెత్తి, టోపీ తీసేశారు. కొమ్మకు అంటుకుని ఒక మొక్క, దానికి నాలుగు మచ్చల పూలు. హనుమంతమ్మ దాన్ని చెట్టు సారం పీల్చే బదనిక అనుకుని ఎన్నోసార్లు పీకి పారేయబోయింది.

నేల ముఖం చూడకుండా చెట్టు మీదే బతికే పూలజాతి అదనీ, లోకంలో అంతరించిపోతోందనీ పట్నం పండితులు తేల్చారు. వెంటనే ముళ్లకంచె, కాపలాదారు, ఎర్రక్షరాల బోర్డు వచ్చాయి. ఊరు అడిగి అడిగి విసిగిపోయిన నీళ్ల ట్యాంకరు కూడా వచ్చింది, పువ్వు పేరిట. ఆ మొక్క గాలిలోని తేమతోనే బతుకుతుందని పండితులు చెప్పకపోలేదు. కానీ కరువు జిల్లాలో గాలిని నమ్ముకుని కూర్చునేంత బాధ్యత లేనివారా అధికారులు?

గొట్టంతో చెట్టు మీద కొట్టిన నీళ్లు కారుతుంటే ఆడవాళ్లు కంచె కింద బిందెలు తోసి పట్టుకునేవారు. హనుమంతమ్మ ఎద్దుల జత ఆ నీళ్లతోనే నిలబడింది. సంతలో కసాయి తప్ప ఎద్దులను కొనే నాథుడు లేని రోజులవి. ఆమె చెట్టుకు పసుపు కుంకుమ పెట్టి, ట్యాంకరు డ్రైవరు కుళ్ళాయప్పను బతిమాలేది.

"ఇంగ రోంత కొట్టప్పా, ఆకు వాడినట్లుండాది."

కుళ్ళాయప్ప జాలిగుండెవాడు. పచ్చగా ఉన్న ఆకును చూసి కూడా వాడిందని ఒప్పుకుని, ఇంకా కొట్టేవాడు.

నెల తిరక్కుండానే వేళ్లు కుళ్లి మొక్క రాలిపోయింది. ఆ ఏడు అనంతపురం జిల్లాలో నీళ్లెక్కువై చచ్చిన ప్రాణి అదొక్కటే. మరునాటి నుంచి ట్యాంకరు ఆగిపోయింది.

చెట్టు కింద సంతాపసభ జరిగింది. అధికారి మళ్లీ టోపీ తీశారు. "ఈ పుష్ప మరణం మానవాళికి తీరని లోటు. అరుదైన ప్రాణిని కాపాడడానికి ఎంత ఖర్చుకైనా వెనుదీయబోమని హామీ ఇస్తున్నాను."

హనుమంతమ్మ లేచి నిలబడింది. "సామీ, ట్యాంకరు మళ్లా పంపించండి. ఎద్దులు లేవలేకుండా పడిపోతాండాయి. నీళ్లు లేకుంటే మేము గూడా ఈడ మిగలం."

అధికారి ఎంతో దయగా నవ్వారు. "మీకేం భయం లేదమ్మా. మీలాంటివాళ్లు జిల్లా నిండా ఉన్నారు."

ముందు వరుసల్లోని చదువుకున్నవాళ్లకు ఆ మాటతో గుండె కుదుటపడింది. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే హనుమంతమ్మ ఎద్దులను లేపి సంతకు తోలుకుపోయింది.