ఖోర్ ఫక్కాన్‌లో కెనాల్ దీక్ష

ఖోర్ ఫక్కాన్ కొండల కింద ఉన్న కారవాన్ క్యాంపుకు కాలువ తెప్పిస్తానని, తెప్పించేదాకా విశ్రమించనని పార్టీ గల్ఫ్ విభాగం కన్వీనర్ శ్రీ అంజిబాబు గారు ఆదివారం ఉదయం టిఫిన్ చేస్తూ ప్రకటించారు. వినడానికి అక్కడ ఉన్నది ఆయన అనుచరుడు జిలానీ బాషా ఒక్కడే. అయినా ఆయన కుర్చీలోంచి లేచి, చెయ్యి కడుక్కుని మరీ ప్రకటించారు. పెద్దవాళ్ళ పద్ధతులు అలాగే ఉంటాయి. జిలానీ బాషా దాన్ని ఫోన్లో పట్టి వాట్సాప్ గ్రూపులో వెయ్యగానే జెబెల్ అలీ నుంచి ధవళేశ్వరం దాకా దండాల బొమ్మలు వచ్చి పడ్డాయి.

ఇంత పెద్ద ఆలోచన ఆయనకు తట్టడానికి కారణం శాంతిప్రియ. ఆ క్యాంపులో రిసెప్షన్ దగ్గర కూర్చునే పిల్ల. ఇంటిలాంటి బండి తోలుకొచ్చి సముద్రం పక్కన రెండు రోజులు కాపురం పెట్టేవాళ్ళ క్యాంపు అది. కుక్కతో వస్తున్నామని అంజిబాబు గారు ఫోన్ చేస్తే ఆ పిల్ల రూలు చెప్పింది. "కెనెల్ లేకపోతే కుక్కని రానివ్వరండి" అంది. అంజిబాబు గారు డెల్టాలో పుట్టినవారు. వాళ్ళ తాతగారు లాకుల దగ్గర తలుపులెత్తే ఉద్యోగం చేశారు. ఆయనకు వినబడింది కెనాల్. కుక్కకు కూడా కాలువ కావాలంటున్నారంటే పాపం ఈ దేశం ఎంత ఎండిపోయి ఉందోనని ఆయన మనసు కరిగిపోయింది.

ఈ ప్రకటన విని మనసు కరగనిది ఒక్క మంగాదేవికే. ఆమెకు గుండె జారింది. మంగాదేవి శాంతిప్రియ తల్లి. దగ్గర్లోనే ఒక అరబ్బుల ఇంట్లో వంట చేస్తుంది. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది గాని భయం మాత్రం ఆగలేదు. అది పై చదువులన్నీ చదివేసింది. కూతురు ఫోన్ ఎత్తకపోతే సముద్రంలో పడిందనుకుంటుంది. ఎత్తితే, ఇంత తొందరగా ఎత్తిందంటే ఉద్యోగం పోయి ఖాళీగా ఉందేమో అనుకుంటుంది.

ఆ రోజు మాత్రం ఆమె భయానికి కారణం ఉంది. శాంతిప్రియ పని చూసి పెట్టుకుంటామన్న గడువు ఆ సాయంత్రంతో అయిపోతుంది. తప్పు లేకుండా రోజు గడిస్తే ముదీర్, అంటే అక్కడి మేనేజరు, పక్కా ఉద్యోగం కాయితం మీద సంతకం పెడతాడు. ఒక్క రూలు తప్పినా ఖలాస్, టిక్కెట్టు చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తాడు. ఆ ఉద్యోగం తానే ఇప్పించానని అంజిబాబు గారు పదిమందిలో చెబుతుంటారు. ఆయన ఇప్పించిన మాట నిజమే. ఎవరో పంపిన ప్రకటనను గ్రూపులోకి తోసింది ఆయన వేలే. రూలు తప్పితే ముదీర్ ఊరుకోడు, రూలు చెబితే అంజిబాబు గారు ఊరుకోరు. అందుకే మంగాదేవి తన సెలవురోజున రొయ్యల వేపుడు డబ్బా పట్టుకుని పొద్దున్నే కూతురి దగ్గరకొచ్చి కూర్చుంది.

మధ్యాహ్నానికి ముందే కారవాన్ వచ్చింది. ముందు జిలానీ బాషా దిగాడు, తర్వాత అంజిబాబు గారి తెల్లచొక్కా దిగింది, ఆ తర్వాత దూడంత కుక్క దిగింది. దాని పేరు సర్కార్. రాష్ట్రంలో పార్టీ పెద్దాయన ఈ మధ్య ఒక కుక్క మెడ మీద చెయ్యి వేసి ఫొటో దిగారు. విశ్వాసానికి గుర్తుగా కార్యకర్తలంతా అలాగే దిగాలని కబురొచ్చింది. అందుకని ఈ ప్రయాణం. సర్కార్‌ని ఎంత పిలిచినా పలకలేదు. అందులో వింతేముందని ఎవరూ పట్టించుకోలేదు.

శాంతిప్రియ వాళ్ళను తీసుకెళ్ళి, బండి పక్కన ఇనప వలతో నాలుగువైపులా కట్టి పైన కప్పేసిన గది చూపించింది.

"ఇదేనండి కెనెల్" అంది.

అంజిబాబు గారు చాలాసేపు చూశారు. అటు నుంచి చూశారు, ఇటు నుంచి చూశారు.

"మరి నీళ్ళెక్కడమ్మా?"

"నీళ్ళెందుకండి, ఇది కుక్క గది."

చిన్న నాయకుడైతే అక్కడే పొరబడ్డానని ఒప్పేసుకునేవాడు. అంజిబాబు గారు చేసిన ప్రకటన వెనక్కి తీసుకోవడమన్నది జీవితంలో లేదు. అమలు చెయ్యడమూ లేదు. ఆ రెండిటి మధ్యా ఆయన ఎంతో హుందాగా బతుకుతున్నారు. గొంతు సవరించుకుని, కాలువ సంగతి తర్వాత చూద్దామని, ముందు ఫొటో కానివ్వమని సెలవిచ్చారు.

శాంతిప్రియ మిగతా రూల్సు కూడా చెప్పింది. కుక్క ఎప్పుడూ ఈ వల లోపలే ఉండాలి. గడియ బయటనుంచి పెట్టాలి. కుక్కను ఒంటరిగా వదలకూడదు, తోడు ఒక మనిషి లోపల ఉండాలి. కుక్క వెళ్ళిపోగానే వల విప్పేయాలి, ఖాళీ వల కనబడితే డ్యూటీలో ఉన్నవాళ్ళ ఉద్యోగం పోతుంది. కూతురు ఒక్కొక్క రూలు చెబుతుంటే మంగాదేవి ఒక్కొక్క దేవుడికి మొక్కింది.

తోడుగా ముందు జిలానీ బాషా లోపలికి వెళ్ళాడు. సర్కార్ అతని మీద గయ్యిమంది. అతను వెళ్ళినంత వేగంగానే బయటికొచ్చి, తనకన్నా సార్ దగ్గరే దానికి చనువెక్కువని మర్యాదగా మనవి చేశాడు. అంజిబాబు గారు ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని లోపల కూర్చున్నారు. సర్కార్ ఆయన్ని వాసన చూసి, పనికొచ్చేదేం లేదని తేల్చుకుని, కాళ్ళ దగ్గర పడుకుంది. శాంతిప్రియ బయట గడియ పెట్టింది. జిలానీ బాషా ఫొటో తీసి గ్రూపులో వేశాడు.

అసలు కథ అక్కడ మొదలైంది.

ఫొటోలో కుక్క సరిగ్గా పడలేదు. ఇనప వల పడింది, వల వెనక అంజిబాబు గారు పడ్డారు. పొద్దున్న కాలువ ప్రకటన, మధ్యాహ్నం పంజరంలో నాయకుడు. అక్కడ డెల్టాలో ఊళ్ళోవాళ్ళు రెండూ కలుపుకున్నారు. సార్‌ని అరెస్టు చేశారా అని ఒకరడిగారు. సార్ తనంతట తనే పంజరంలో కూర్చున్నారని జిలానీ బాషా ఉన్నమాటే చెప్పాడు. అంతే, కాలువ కోసం ఎడారిలో పంజర దీక్ష అని టీవీలో కింద అక్షరాలు పరిగెత్తాయి.

ఈ దేశంలో నలుగురు కలిసి నినాదం చేస్తే ఏమవుతుందో మంగాదేవి విని ఉంది. పోలీసులొస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు, ఆ వేళ్ళతో మళ్ళీ ఎక్కడా పని దొరకదు. గబగబా జిలానీ బాషా దగ్గరకెళ్ళింది.

"బాబూ, ఇది దీక్షంట కదా?"

"అక్కడ దీక్షమ్మా. ఇక్కడ పిక్నిక్."

ఆ ఏర్పాటు చక్కగా కుదిరింది. క్యాంపువాళ్ళ కంటికి ఒక ఆసామి తన కుక్క పక్కన కూర్చుని గాలి పీలుస్తున్నాడు. ఊళ్ళోవాళ్ళ కంటికి ఒక మహానుభావుడు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కృశించిపోతున్నాడు. ఒకే కుర్చీలో రెండు పనులూ చెయ్యడం అందరికీ చేతకాదు.

కాసేపటికి సర్కార్‌కి ఆకలేస్తోందని జిలానీ బాషా వచ్చి చెప్పాడు. మంగాదేవి కారవాన్‌లో ఉన్న పొయ్యి మీద అన్నం, కోడికూర చేసింది. అందులో ఉప్పు కారం దండిగా వెయ్యమన్నాడు. పక్కన గోంగూర పచ్చడి, నంజుకోడానికి ఉల్లిపాయ, చివర్లో గడ్డపెరుగు కావాలన్నాడు. కుక్కకి గోంగూర పడుతుందో లేదో, అది చస్తే హత్యకేసు తనమీద పడుతుందేమోనని ఆమె బెంగపెట్టుకుంది. పళ్ళెం దుప్పటి చాటున లోపలికెళ్ళింది. తిరిగొచ్చేసరికి తుడిచినట్టుంది. పళ్ళెంలో కోడి ఎముకలు ఒక వారగా పేర్చి ఉన్నాయి. సర్కార్‌ది ఎంత పద్ధతైన పెంపకమోనని మంగాదేవి ముచ్చటపడింది.

అక్కడ ఊళ్ళో ఉద్యమం ముదిరింది. అనుచరులు లాకుల వంతెన మీద బళ్ళు ఆపేశారు. ఖోర్ ఫక్కాన్ కాలువ అసలు తమ హయాంలోనే మొదలైందని, తూము పని ఒక్కటే మిగిలిందని ప్రతిపక్షం ఒక ప్రకటన చేసింది. పాత ప్రభుత్వం తవ్వించిన మట్టంతా ఎవరు అమ్ముకున్నారో తేల్చాలని అంజిబాబు గారి పక్షం ఎదురు ప్రకటన చేసింది. పొద్దు వాలే వేళకు సాక్షాత్తూ పెద్దాయన దగ్గర్నుంచే కబురొచ్చింది. కాసేపట్లో వీడియోలోకి వస్తారట, కాలువకు హామీ ఇచ్చి దీక్ష విరమింపజేస్తారట. అంజిబాబు గారు పంజరంలోనే కనబడాలట, వచ్చే ఎన్నికల్లో టిక్కెట్టు మాట కూడా అప్పుడే అంటారట.

అంజిబాబు గారు జుట్టు చెదరగొట్టుకున్నారు. చొక్కా పైగుండీ తీసి నీరసం తెచ్చుకున్నారు.

సరిగ్గా అప్పుడు ఒక కారు వచ్చి ఆగింది. అందులోంచి దిగినవాడు వాసు, ఫుజైరాలో ఒక తెల్లవాళ్ళింట్లో డ్రైవరు. వస్తూనే వల దగ్గరకెళ్ళి "బార్నీ" అని పిలిచాడు. పొద్దుటినుంచి ఎవరెన్ని మాటలన్నా చెవి కదపని సర్కార్ ఒక్క ఉదుటున లేచి తోకాడించింది.

"ఒక్క గంట ఆగరా" అన్నారు అంజిబాబు గారు గొంతు తగ్గించి.

"ఆగలేనండి. దొరగారూ మేడమ్ గారూ సెలవు మధ్యలోనే వచ్చేస్తున్నారండి, ఎయిర్‌పోర్టులో దిగిపోయారంట. ఇంట్లో కుక్క లేదంటే నాకు వీసా లేదండి."

వాసు గడియ తీశాడు, కుక్కను కారులో వేసుకున్నాడు, గడియ మళ్ళీ పెట్టి వెళ్ళిపోయాడు. సర్కార్ పోయింది. అంజిబాబు గారు లోపలే ఉన్నారు.

అటు కారు మలుపు తిరిగిందో లేదో ఇటు ముదీర్ తన చిన్న బండిలో తనిఖీకి వచ్చాడు. వలలోకి తొంగి చూశాడు.

"కుత్తా కిధర్ హై?"

శాంతిప్రియ కుక్క రికార్డు ఇప్పుడే మారుస్తున్నానని తడబడుతూ చెప్పింది. ముదీర్ చేతిలో ఆమె ఉద్యోగం కాయితం ఉంది. దాన్ని తొడమీద కొట్టుకుంటూ, అవతలి వరస చూసి వస్తానని, వచ్చేసరికి వలలో రిజిస్టరైన జంతువైనా ఉండాలి, లేకపోతే వలైనా ఉండకూడదని, రెండూ కాకపోతే ఖలాస్ అని చెప్పి కదిలాడు.

"సార్, బయటికి రండి సార్" అంది శాంతిప్రియ. "వల విప్పేయాలి."

"అమ్మా, పెద్దాయన లైన్లోకొచ్చే వేళ. ఇప్పుడు బయటికొస్తే నా రాజకీయం మొత్తం పోద్ది. నీ ఉద్యోగం ఎవరిప్పించారో మర్చిపోకు" అన్నారు అంజిబాబు గారు.

శాంతిప్రియ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంగాదేవికి కళ్ళముందు విమానం కనబడింది. విమానం మెట్ల మీద కూతురు, కూతురు వెనక అట్టపెట్టె, పెట్టెకు కట్టిన తాడు కూడా కనబడింది. అంత భయంలో మనిషికి సిగ్గూ బిడియం ఉండవు.

"పోనీ కుక్క పేరు తీసేసి అయ్యగారి పేరు రాసెయ్యవే. ఆ ముదీరుకి లోపల ఎవరో ఒకళ్ళు ఉంటే చాలు కదా" అంది.

జిలానీ బాషా సార్ మొహం చూశాడు. మంగాదేవి తాను అన్నది తనకే వినబడి నోటిమీద చెయ్యి వేసుకుంది. అంజిబాబు గారు మాత్రం కోప్పడలేదు. ఆలోచించారు.

"రిజిస్టరంటే, క్యాంపువాళ్ళు గుర్తింపు ఇస్తారా?" అని అడిగారు.

"ఇస్తారండి. నంబరు కూడా ఇస్తారండి."

"అయితే కానీ."

శాంతిప్రియ చేతిలోకి ట్యాబ్ తీసుకుంది. పాత పేరు చెరిపి కొత్తపేరు కొట్టింది. టీకాలు వేయించారా అని అడిగింది. రెండు డోసులూ బూస్టరూ అయ్యాయని అంజిబాబు గారు తన ఫోన్ తీసి వల కంతలోంచి చూపించారు. మొరుగుతుందా అనే ప్రశ్నకు ఆయన నోరు తెరిచేలోగా, మైకుంటేనే అని జిలానీ బాషా చెప్పాడు.

"యజమాని పేరండి?"

అంజిబాబు గారు తడుముకోలేదు. కుర్చీలోంచి లేచి, కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. "పెద్దాయన" అన్నారు.

శాంతిప్రియ కొట్టింది. ఇంకొకటే మిగిలింది. అవతలి వరసలోంచి ముదీర్ బండి చప్పుడు దగ్గరపడుతోంది.

"జాతి?"

ఆ మాట చెవినపడగానే అంజిబాబు గారి ఛాతీ పొంగింది. నీరసం ఎటుపోయిందో పోయింది. కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకున్నారు.

"తెలుగు జాతి."

జిలానీ బాషా అలవాటుగా చప్పట్లు కొట్టాడు. ట్యాబ్ ఒక క్షణం ఆలోచించి పచ్చ టిక్కు పెట్టింది. ముదీర్ బండి దిగి, రాసినదంతా చదివాడు. ఈ రకం తమ క్యాంపుకు రావడం మొదటిసారనుకున్నాడు కాబోలు, వంగి ఒకసారి లోపలికి చూశాడు. గడియ గట్టిగా పడిందో లేదో లాగి చూశాడు. "తమామ్" అని శాంతిప్రియ కాయితం మీద సంతకం పెట్టాడు.

లోపల అంజిబాబు గారి ఫోన్ మోగింది. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని ఒంగిపోయారు. మంగాదేవి సంతకం చూసుకుంది, కళ్ళకద్దుకుంది. తర్వాత, ఎందుకైనా మంచిదని, వలకు కాస్త దూరం జరిగి నిలబడింది.